సంతకం పెట్టావు కదా, ఇంకేంటి?

మన ఫీల్డులో ఏ అన్యాయం గురించి ఎత్తినా చివరికి ఒకటే జవాబు. "ఆఫర్ లెటర్ చదివే సంతకం పెట్టావు కదా, ఇంకేంటి?" తొంభై రోజుల నోటీస్ పీరియడ్ అన్నా అదే, ఫ్రెషర్ బాండ్ అన్నా అదే, శనివారం రాత్రి రిలీజులన్నా అదే. హెచ్చార్ వాళ్ళంటే సరే, వాళ్ళ ఉద్యోగం అది. పక్క సీటు వాడు కూడా ఇదే అంటాడు, అదీ నా బాధ.

ఈ వాదనకి నాకు తెలిసినంతలో గట్టి జవాబు చెప్పినవాళ్ళలో ఒక పోపు ఉన్నాడు. (నేను క్రైస్తవుణ్ణి కాదు, ప్రచారమేమో అని కంగారు పడకండి :)) 1891 మే 15న పదమూడవ లియో పోపు 'రేరుమ్ నోవారుమ్' అనే లేఖ విడుదల చేశాడు. యూరప్ ఫ్యాక్టరీల్లో కూలీల బతుకు అధ్వాన్నంగా ఉన్న రోజులవి. ఆయనేమీ ఎర్రజెండా పట్టలేదు. సోషలిజం తప్పన్నాడు, సొంత ఆస్తి ఉండాల్సిందేనన్నాడు. కానీ యజమానీ కూలీ ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయమైన కూలి అయిపోదని కూడా తేల్చి చెప్పాడు. పొదుపుగా బతికే మనిషికి కూడా చాలని జీతాన్ని, వేరే దారి లేక ఒప్పుకుంటే, అతను బలవంతానికి లొంగినట్టే లెక్క అన్నాడు. కార్మికులు సంఘం పెట్టుకోవడం వాళ్ళ సహజ హక్కు అన్నాడు.

ఈ ఆలోచన మూలం ఇంకా పాతది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఒక రూలుంది. బీద కూలివాడికి ఏ రోజు కూలి ఆ రోజు, పొద్దు గూకేలోపే ఇచ్చెయ్యాలి. వాడు స్వజాతివాడైనా, పరదేశి అయినా సరే. (హెచ్1బీ మీదున్న మనవాళ్ళు ఆ పరదేశి అన్న మాట గమనించాలి.) కారణం కూడా అక్కడే ఉంది, వాడి ప్రాణం ఆ డబ్బు మీదే ఆధారపడి ఉంది కాబట్టి. అంటే లెక్క మొదలవ్వాల్సింది ఒప్పందం నుంచి కాదు, ఆ మనిషి అవసరం నుంచి.

దీనికి ఎదురుగా మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథ చెప్తారు కొందరు. పొద్దున్నించి పనిచేసినవాడికీ సాయంత్రం గంటసేపు చేసినవాడికీ యజమాని ఒకటే కూలి ఇస్తాడు. పొద్దున వచ్చినవాళ్ళు గొణిగితే, మీరు ఈ కూలికే ఒప్పుకున్నారు కదా అంటాడు. చూశారా, అక్కడా కాంట్రాక్టే కదా అంటారు. కానీ ఆ యజమాని ఒప్పుకున్నది ఎవరికీ తగ్గించలేదు. చివర వచ్చినవాడికీ ఆ రోజు గడవాలి కదా అన్నట్టు పూర్తి కూలి ఇచ్చాడు. ఈ కథ చూపించి జీతాలు కొయ్యడం కుదరదు!

ఇది చట్టంలోకి వస్తే ఎలా ఉంటుందో ఆస్ట్రేలియాలో చూడొచ్చు. 1907లో హార్వెస్టర్ కేసులో జస్టిస్ హిగ్గిన్స్ (ఈయన తండ్రి మెథడిస్టు బోధకుడు) భార్యా ముగ్గురు పిల్లలున్న మామూలు కూలీ మర్యాదగా బతకాలంటే ఎంత కావాలో లెక్క కట్టి, రోజుకి 7 షిల్లింగులన్నాడు. ఆ తీర్పు వెనకున్న చట్టాన్ని మరుసటి ఏడాదే హైకోర్టు కొట్టేసింది గానీ, ఆ కొలత మాత్రం దశాబ్దాల పాటు నిలిచింది. తర్వాత 2006 మార్చిలో హోవర్డ్ ప్రభుత్వం 'వర్క్ ఛాయిసెస్' అమల్లోకి తెచ్చింది. 100 మంది దాకా ఉన్న కంపెనీల్లో అన్యాయంగా తీసేశారని కేసు వేసే హక్కు పోయింది. ఉద్యోగి ఒక్కడే కంపెనీతో విడిగా ఒప్పందం చేసుకునే పద్ధతికి పెద్దపీట వేశారు. కాథలిక్ బిషప్పులు, మరికొన్ని చర్చిల పెద్దలు 2005లోనే ఆందోళన చెప్పారు. ఒంటరిగా బేరం ఆడేవాడిది బేరమే కాదన్నది ఆ అభ్యంతరాల్లో ముఖ్యమైనది. క్రైస్తవులంతా ఒకే మాట మీద ఉన్నారని కాదు, ఒకప్పుడు సెమినరీలో చదివిన టోనీ అబాట్ ఆ మంత్రివర్గంలోనే ఉన్నాడు. చివరికి 2007 నవంబరు ఎన్నికల్లో హోవర్డ్ ప్రభుత్వమూ పోయింది, ఆయన సొంత సీటూ పోయింది.

సరే, మన సంగతికొద్దాం. 2025 నవంబరు 21 నుంచి 29 పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. పైన చెప్పిన కొలతతో చూస్తే అన్నీ చెడ్డవేం కాదు. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం బాకీ ఇచ్చెయ్యాలట. ఫుల్ అండ్ ఫైనల్ కోసం నలభై ఐదు రోజులు మెయిళ్ళు కొట్టుకునే మనకి ఇది పొద్దు గూకేలోపు కూలి లాంటిదే. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకి ఏడాదికే గ్రాట్యుటీ అన్నదీ మంచిదే.

కానీ రెండో వైపు చూడండి. ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసెయ్యాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అన్న గీత 100 మంది నుంచి 300కి జరిగింది. సమ్మెకి ముందు 14 రోజుల నోటీసు ఇవ్వాలి. సగం మంది కలిసి ఒకేసారి క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందే లెక్క. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు కాస్త రక్షణ పెంచి, నలుగురు కలిసి నిలబడే దారి ఇరుకు చేశారు. లియో పోపు రెండూ కావాలన్నాడు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇక్కడ చర్చికి కూడా ఒక మాట. మన ఊళ్ళలో మిషన్ స్కూళ్ళు, ఆసుపత్రులు ఎన్నో. అక్కడి టీచరుకీ, ఆయాకీ, నర్సుకీ ఇదే కొలత వర్తించాలి. ఇది నేను తెచ్చిన ఫిట్టింగ్ కాదు. న్యాయం గురించి మాట్లాడేవాళ్ళు ముందు తాము న్యాయంగా ఉండాలని 1971లో రోములో జరిగిన బిషప్పుల సభే చెప్పింది.

2025 మేలో ఎన్నికైన కొత్త పోపు పద్నాలుగవ లియో అని పేరు పెట్టుకున్నాడు. అప్పటి లియో పారిశ్రామిక విప్లవం గురించి మాట్లాడాడు, ఇప్పుడు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ వచ్చింది కాబట్టి ఆ పేరు అన్నాడు. ఆ ఏఐ పేరు చెప్పి ఎవరి సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియని రోజుల్లో ఉన్నాం. ఫ్యాక్టరీ కూలీ గొడవ మనకెందుకు అనుకునే లగ్జరీ మనకిక లేదు. కాబట్టి ఈసారి పక్క సీటు వాడు జీతం బాకీ గురించో, బాండ్ గురించో చెప్పుకుంటే, సంతకం పెట్టావు కదా అనే ముందు ఒక్కటి అడగండి. పెట్టకుండా ఉండే వీలు వాడికి నిజంగా ఉందా?