ప్రాజెక్టు ఎలా చేయాలో సంగీతం విద్యార్థిని అడగండి

ముందుగా ఒక ఒప్పుకోలు. బీటెక్ చివరి ఏడాదిలో నేను ప్రాజెక్టు చేయలేదు, కొన్నాను. అమీర్‌పేట సందులో మేడ మీద ఓ గది. నలుగురం డబ్బులు వేసుకున్నాం. కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు. గైడ్ సంతకం పెట్టారు, మార్కులూ బాగానే వచ్చాయి. అసలు పరీక్ష ఆర్నెల్ల తర్వాత ఇంటర్వ్యూలో ఎదురైంది. 'ఈ ప్రాజెక్టులో ఎక్కడ ఇరుక్కుపోయారు? ఎలా బయటపడ్డారు?' అని అడిగారు. నోట మాట రాలేదు. ఇరుక్కోవాలంటే ముందు పనిలోకి దిగాలి కదా!

అదే ఏడాది మా పిన్ని కూతురు ఎంఏ సంగీతం చివరి సెమిస్టర్‌లో ఉంది. తన ప్రాజెక్టు వరినాట్ల పాటలు. సెలవుల్లో ఊరెళ్లి ఫోన్‌లో ముప్పై పాటలు రికార్డు చేసుకొచ్చింది. వాళ్ల మేడమ్ విని సగానికి పైగా పక్కన పెట్టించారు. ఎవరు పాడారో రాసుకోలేదు, ఏ పని చేస్తూ పాడతారో అడగలేదు, రికార్డింగ్ వాడుకోవడానికి వాళ్ల అనుమతీ తీసుకోలేదు. తిట్టుకుంటూనే మళ్లీ వెళ్లింది. అప్పుడే ఒక సంగతి పట్టుకుంది. ఒకే పాటను ఒకావిడ అరుగు మీద కూర్చుని ఒక నడకలో, పొలంలో నాటు వేస్తూ ఇంకో నడకలో పాడుతోంది. చేతి పనే లయను మారుస్తోందన్నమాట. తన ప్రాజెక్టుకు ప్రాణం అదే అయింది. చివర్లో మూడు పాటల్ని వేదిక కోసం మలిచి పాడింది. మూలంలో ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో ఒక పేజీలో రాసిచ్చింది.

నాది కొన్న ప్రాజెక్టు, తనది చేసిన ప్రాజెక్టు. తేడా తెలివిలో లేదు. 'ఇది చాలదు, మళ్లీ వెళ్లు' అనే మనిషి తనకు ఉన్నారు, నాకు లేరు.

సంగీతంలో పరిశోధన ఏముంటుంది?

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. జవాబు మన తిరుమలలోనే ఉంది. అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి. వాటి మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. వేటూరి ప్రభాకర శాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి అచ్చులోకి తెచ్చారు. రాళ్లపల్లి వారు చాలా కీర్తనలకు స్వరాలూ కూర్చారు. చదవడం పరిశోధన, బాణీ కట్టడం సృజన. రెండూ ఒకే మనిషి చేతిలో సాగిన పనులు. బాలాంత్రపు రజనీకాంతరావుదీ అదే దారి. ఒకపక్క పాటలు కడుతూనే 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాశారు. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇప్పటి ఉదాహరణ కావాలా? బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2011లో 'కాంప్‌మ్యూజిక్' ప్రాజెక్టు మొదలై 2017 దాకా నడిచింది. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలతో పాటు టర్కీ, అరబ్-అండలూసియా, బీజింగ్ ఒపెరా సంప్రదాయాలను కంప్యూటర్‌తో అధ్యయనం చేశారు. ఐఐటీ మద్రాస్ కూడా అందులో పాలుపంచుకుంది. పీహెచ్‌డీ విద్యార్థులు గైడ్ల దగ్గరా, సంగీతజ్ఞుల దగ్గరా కూర్చుని నేర్చుకుంటూ పనిచేశారు.

అక్కడ చిక్కు ఏమిటో నా బోటి కోడర్‌కు బాగా అర్థమవుతుంది. పాశ్చాత్య సంగీతం కోసం రాసిన సాఫ్ట్‌వేర్ స్వరాన్ని ఒక స్థిరమైన మెట్టుగా చూస్తుంది. మన గాయకుడు ఎవరి శ్రుతి వాళ్లు పెట్టుకుంటారు. పైగా గమకంలో స్వరం నిలబడదు, ఊగుతుంది. కాబట్టి ముందు శ్రుతి కనిపెట్టాలి, తర్వాత ఆ ఊగడంలో ఏది స్వరమో, ఏది గమకమో విడదీయాలి. అది సరిగ్గా వచ్చిందో లేదో చెప్పాల్సింది ఎవరు? కోడర్ కాదు, పాడటం వచ్చినవాళ్లే.

మరి ఉద్యోగం?

ఉన్నది ఉన్నట్టు చెప్పుకొందాం. ప్రాజెక్టు చేసినంత మాత్రాన సంగీతం విద్యార్థికి ఉద్యోగం రాదు. ఈ రంగంలో ఖాళీలు తక్కువ. కానీ దారులు లేకపోలేదు. యూజీసీ నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు నెలనెలా డబ్బు అందుతుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18-25 ఏళ్ల యువ కళాకారులకు గురువు దగ్గర శిక్షణ కోసం రెండేళ్లు నెలకు రూ.5,000 స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఆ వయసు దాటినవాళ్లకు ప్రాజెక్టుల మీద ఫెలోషిప్‌లూ ఉన్నాయి. దరఖాస్తుకు ముందు తాజా నోటిఫికేషన్ చూసుకోండి. ఇవి కాక గేమ్‌ల ఆడియో, సినిమా సౌండ్, ఆర్కైవ్‌లు, పాటల యాప్‌ల పనులు ఉన్నాయి. వీటన్నిటిలోనూ సర్టిఫికెట్ కన్నా ముందు అడిగేది 'ఏం చేశారో వినిపించండి' అనే.

ఇక కాలేజీల మాట. 2022 డిసెంబరులో వచ్చిన యూజీసీ విధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన ఎంచుకోవచ్చు. అందులో ప్రాజెక్టుకే 12 క్రెడిట్లు. కాగితం మీద బాగుంది. కానీ ఒక్కో గైడ్‌కు పదేసి బ్యాచ్‌లు అంటగడితే ఆ క్రెడిట్లు కూడా పెన్‌డ్రైవ్ దుకాణానికే చేరతాయి. గైడ్‌కు విద్యార్థితో కూర్చునే సమయం టైమ్‌టేబుల్‌లోనే కేటాయించాలి. అలా చేయని కాలేజీకి పరిశోధన గురించి మాట్లాడే హక్కు లేదు.

అది జరిగేదాకా మీరు ఆగక్కర్లేదు. మీది సంగీతమైనా, ఇంజినీరింగ్ అయినా ఒక చిన్న ప్రశ్న ఎంచుకోండి. పదిహేను రోజులకోసారి అరగంట ఇవ్వమని ఒక మాస్టారిని అడగండి. చేసింది తీసుకెళ్లి చూపించండి, తప్పు దొరికితే మళ్లీ చేయండి. తప్పిన ప్రతిసారీ డైరీలో రెండు వాక్యాలు రాసుకోండి. సంగీతం వాళ్లకు ఆడాసిటీ, ప్రాట్, సోనిక్ విజువలైజర్ ఉచితంగా దొరుకుతాయి. మీ కాలేజీలో సంగీత విభాగం ఉంటే, కోడింగ్ వచ్చినవాళ్లు ఓసారి ఆ గుమ్మం తొక్కండి.

మా పిన్ని కూతురు ఇప్పుడు ఒక కాలేజీలో పాఠం చెబుతోంది. ఇంటర్వ్యూలో తననూ అదే ప్రశ్న అడిగారట, 'ఎక్కడ ఇరుక్కుపోయారు?' అని. తను ఇరవై నిమిషాలు మాట్లాడింది.