దాణా సంచికి మరో జన్మ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో పాడి ఉన్న ఇంట దాణా బస్తా మామూలు. దాణా అయిపోయాక ఆ పాలీప్రొపిలీన్ సంచిలో వడ్లు నింపుతాం, పట్టాగా కుడతాం. చివరికది పోగులై చెలకలో కలుస్తుంది, లేదా మంటల్లో పడుతుంది. ఆ పోగులు పశువు కడుపులో చేరితే అరగవు.

2022లో కేంద్రం నిబంధనలు సవరించి, మెత్తని ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుంచి 10 శాతం, 2027-28 నుంచి 20 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ వాడాలని లక్ష్యం పెట్టింది. మంచి అడుగే. కానీ కరిగించిన కొద్దీ ప్లాస్టిక్ బలం తగ్గుతుంది. సంచి చిరిగి తేమ చేరితే దాణాకు బూజు పడుతుంది. కొన్ని బూజుల విషం అఫ్లాటాక్సిన్ పాలలోకీ దిగుతుంది. పురుగుమందు డబ్బాల ప్లాస్టిక్ దాణా సంచికి వాడే రీసైకిల్ ప్లాస్టిక్‌లో అసలే కలవకూడదు.

అందుకే పాత సంచులను శుభ్రంగా, విడిగా వెనక్కి తీసుకునే బాధ్యత దాణా కంపెనీలు, పాల కేంద్రాలు పంచుకోవాలి. సిరిసిల్ల మరమగ్గాల కార్మికులకు నేత తెలుసు. కొత్త సంచులు నేసే పనీ వారికే దక్కాలని ఈ సంచిక కోరుతోంది.

– సంపాదకుడు