బొబ్బకూ పాముకూ ఏం చుట్టరికం?

నడుముకు ఒక పక్కన నీటిపొక్కులు వరసగా లేస్తే తెలుగునాట దాని పేరు సర్పి. పేరులోనే పాము ఉంది గనక కథ కూడా పాముదే. ఎప్పుడో పామును చంపిన పాపమో, పుట్టను తొక్కిన దోషమో ఒంటి మీదికి పాకిందంటారు. తలా తోకా కలిస్తే మనిషి దక్కడని భయపెడతారు. మంత్రగాడు ఎర్రమట్టి పూసి, వేపమండతో విసిరి, పథ్యం చెప్పి వెళతాడు. మూడు వారాల్లో పొక్కులు మాడిపోతాయి. ఊరు మంత్రానికి దండం పెడుతుంది.

చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరస్ నరంలో నక్కి ఉండి, ఏళ్ల తర్వాత తిరిగి లేస్తే అదే సర్పి. ఆ నరం శరీరానికి ఒక పక్కకే పోతుంది కాబట్టి పొక్కుల వరస సాధారణంగా నడిమధ్యకు వచ్చి ఆగిపోతుంది. ఇక తలా తోకా కలిసేదెక్కడ? మామూలు ఆరోగ్యం ఉన్నవారికి రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు వాటంతటవే మానతాయి. ఓటమి లేని పందెం కాసి మంత్రగాడు పేరు తెచ్చుకుంటున్నాడన్నమాట.

అదే మంత్రం పెంఫిగస్ వల్గారిస్ అనే మరో బొబ్బల జబ్బు దగ్గర చతికిలపడుతుంది.

ఇది అరుదైన జబ్బు. కేరళలోని త్రిసూర్ జిల్లాలో లెక్క తీస్తే పెంఫిగస్ జబ్బులన్నీ కలిపి ఏడాదికి పది లక్షల మందిలో నలుగురైదుగురికి వస్తున్నట్టు తేలింది. చాలామందికి ముందు నోట్లో మొదలవుతుంది. బుగ్గల లోపల, చిగుళ్ల మీద పుళ్లు పడతాయి. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు, మజ్జిగ, బి కాంప్లెక్స్ మాత్రలతో నెలలు నెట్టేస్తారు. తర్వాత తల మీద, ఛాతీ మీద, వీపు మీద పలచటి బొబ్బలు. ఇట్టే చితికి పచ్చిపుండవుతాయి, దుప్పటికి అంటుకుపోతాయి. పక్కన బాగానే కనిపించే చర్మాన్ని వేలితో నొక్కి జరిపినా పైపొర ఊడి వస్తుంది. 1896లో ప్యోటర్ నికోల్‌స్కీ వర్ణించిన ఈ గుర్తును చర్మవైద్యులు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

పుట్టలో దొరకని కారణం రోగి నెత్తురులో దొరికింది. 1964లో అమెరికాలోని బఫెలోలో ఎర్నెస్ట్ బ్యూట్నర్, రాబర్ట్ జోర్డన్ అనే పరిశోధకులు ఈ రోగుల రక్తంలో సొంత చర్మాన్నే పట్టుకునే యాంటీబాడీలున్నాయని చూపించారు. చర్మకణాలను ఒకదానికొకటి అతికి ఉంచే ప్రొటీన్ డెస్మోగ్లీన్. దాన్నే శత్రువనుకుని రోగనిరోధక వ్యవస్థ దాడి చేస్తుంది. అతుకు ఊడిన చోట నీరు చేరి బొబ్బవుతుంది. చిన్న చర్మం ముక్క తీసి, మెరిసే రంగు కలిపి ప్రత్యేక మైక్రోస్కోపు కింద పెడితే, కణాల చుట్టూ ఆకుపచ్చటి చేపలవల పరిచినట్టు ఈ యాంటీబాడీలు కంటికే కనిపిస్తాయి. కొన్ని జన్యువులున్నవారికి ముప్పు ఎక్కువ. కొందరికి కొన్ని మందుల వల్లా రావచ్చు. జాతకంలోని రాహుకేతువులకు ఇందులో చోటు లేదు.

డాక్టర్లకూ మొదట్లో ఈ జబ్బు దగ్గర చుక్కెదురే. ఆర్సెనిక్ కూడా ఇచ్చి చూశారు. 1950లలో స్టెరాయిడ్లు వాడుకలోకి వచ్చేదాకా రోగుల్లో ఎక్కువమంది కొద్ది ఏళ్లలోనే చనిపోయేవారు. కాకపోతే పనిచేయని మందును వాళ్లు వదిలేశారు, ఓడినప్పుడు ఓడినట్టే రాసుకున్నారు. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా స్టెరాయిడ్‌ను మూడు రోజులు పెద్ద మోతాదులో సెలైన్ ద్వారా ఎక్కించి, దానికి సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు జోడించి, 28 రోజులకోసారి పునరావృతం చేసే పద్ధతిని తెచ్చారు. దేశంలో ఎందరో రోగులకు అది ఆసరా అయింది. 2017లో ఫ్రెంచి వైద్యులు మరో లెక్క ప్రచురించారు. రిటుక్సిమాబ్ అనే మందుతో పాటు కొద్దికాలం స్టెరాయిడ్ వాడిన 46 మందిలో 41 మందికి, రెండేళ్లు తిరిగేసరికి మందులు ఆపినా జబ్బు కనిపించలేదు. స్టెరాయిడ్ ఒక్కటే వాడిన 44 మందిలో అలా తేరుకున్నది 15 మంది. తన దగ్గరికి ఎందరొచ్చారో, ఎందరికి తగ్గలేదో ఏ మంత్రగాడైనా ఇలా చెప్పాడా? తగ్గితే మంత్ర మహిమ, తగ్గకపోతే రోగి చేసుకున్న కర్మ!

మంత్రాల వెంట తిరుగుతూ చేసే ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది. పచ్చిపుండ్ల మీద బూడిద, పసర్లు పూస్తే చీము పడుతుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే మనిషి దక్కడం కష్టం. పథ్యం పేరిట పప్పు, గుడ్డు మాన్పించడం మరో అన్యాయం. బొబ్బల్లోంచి కారే నీటితో ఒంట్లోని ప్రొటీన్ పోతుంటే, కంచంలోంచి కూడా దాన్ని తీసేస్తున్నారు. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్ల సంగతి సరేసరి.

పాతదంతా పనికిరానిదనీ కాదు. మన ఆసుపత్రుల్లో ఒళ్లంతా పచ్చిగా ఉన్న రోగిని అరటాకుల మీద పడుకోబెట్టడం ఉంది. ఆకు నున్నగా, చల్లగా ఉంటుంది, పుండుకు అతుక్కోదు, పైగా చవక. అది పవిత్రమని పరచలేదు, పనికొస్తుందని పరిచారు.

నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే చర్మవైద్యుణ్ణి కలవండి. స్టెరాయిడ్ మొదలుపెడితే ఆయన చెప్పకుండా ఒక్కసారిగా మానొద్దు. పెంఫిగస్ అంటురోగం కాదు కాబట్టి ఆ మనిషికి వేరే కంచం, వేరే గది పెట్టకండి. పెళ్లి పంక్తిలో అందరితో పాటే ఆకు వేసి కూర్చోబెట్టండి. నోరు మండుతుంది గనక కారం మాత్రం తగ్గించి వడ్డించండి.