తగ్గినవాళ్ల తిరునాళ్ల

అమెరికాను తూర్పు నుంచి పడమరకు దాటించే ఇంటర్‌స్టేట్ 80 మీద, అయోవా రాష్ట్రంలో వాల్‌కాట్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పక్కన 1964లో పెట్టిన 'అయోవా 80' ట్రక్ స్టాప్ ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరు. లారీ డ్రైవర్లు కడుపారా తిని, స్నానం చేసి, ఓ కునుకు తీసి మళ్లీ బండెక్కే చోటు. అదే దారిలో 40 మైళ్లు పడమరకు పోతే అయోవా సిటీ వస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో 1966లో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్, సహచరుడు చికాషి ఇటోతో కలిసి, కడుపును పైభాగాన చిన్న సంచిలా వేరుచేసి దాన్ని నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్ మొదలుపెట్టారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అలా పుట్టింది. కడుపులో పుండు కారణంగా కొంత భాగం తీయించుకున్న ఆడవాళ్లు ఆ తర్వాత ఒళ్లు చేయలేకపోవడం మేసన్ కంటపడింది. ఆలోచనకు మూలం అదే. ఆయన నూరేళ్లు బతికి 2020 డిసెంబరులో కన్నుమూశారు.

2026తో ఆ ఆపరేషన్‌కు 60 ఏళ్లు. షికాగోను లాస్ ఏంజెలిస్‌తో కలిపిన రూట్ 66 రహదారికి అదే ఏడాది 100 ఏళ్లు. రెండూ ఒకేసారి పడటం కాకతాళీయమే. కానీ కారెక్కి దేశం తిరగడం, కారు దిగకుండానే తినడం, తిన్నదాన్ని ఒళ్లు దాచుకోవడం, దాన్ని దించడానికి కత్తి పట్టడం, అన్నీ ఆ దేశంలో ఒకే తరం చూసింది. రూట్ 66 పోయే అమరిల్లో నగరంలో బిగ్ టెక్సన్ అనే హోటల్ 1960 నుంచి ఒక పందెం నడుపుతోంది. 72 ఔన్సుల గొడ్డుమాంసం ముక్క, అంటే రెండు కిలోలు, పక్కన పెట్టేవాటితో సహా గంటలో ఖాళీ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అటుగా వెళ్తూ ఆ బోర్డు ముందు ఫొటో దిగితే అది వెక్కిరింత అనుకోకూడదు. పూర్వజన్మలో ఉన్న ఊరిని చూసి రావడం లాంటిది.

ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల స్నేహబృందాల గురించి, ఏడాదికో రెండేళ్లకో ఒకచోట చేరే వాళ్ల అలవాటు గురించి రాయడానికి ఈ 60 ఏళ్ల సందర్భం చాలు. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి పెట్టే తరగతుల్లో వీళ్లు కలుస్తారు. ఒకే నెలలో ఆపరేషన్ అయినవాళ్ల మధ్య బాంధవ్యం మరీ గట్టిది. మొదటి పదిహేను రోజులు పల్చటి ద్రవాలు, తర్వాత మెత్తగా చేసిన తిండి, ఆ పైన తొలి గుడ్డు ముక్క, అన్నీ ఒకరి వెనక ఒకరు దాటారు. ఉద్యోగాలు మారి, రాష్ట్రాలు మారి చెదిరిపోయాక కూడా వందల మైళ్లు బండి తోలుకుని వచ్చి కలుస్తారు.

కారులోనే ఎందుకంటే దానికీ ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు విమానం వీళ్లకు పీడకల. సీటు పట్టదు. బెల్టు చాలక, పొడుగు ముక్క ఇమ్మని ఎయిర్ హోస్టెస్‌ను నలుగురిలో అడగాలి. పక్క సీటుకూ టికెట్ కొనమనే విమాన సంస్థలున్నాయి. పక్కన కూర్చున్నవాడి చూపు సంగతి చెప్పక్కర్లేదు. ఎంత దూరమైనా కారే నయమని అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు విమానం సీటులో సుఖంగా ఇమిడిపోతారు. అయినా కారే ఎక్కుతారు, ఈసారి దారిలో ఇద్దరిని ఎక్కించుకోవడం కోసం.

ఆ కారు వెనక సీటులో ఐస్ పెట్టె చూస్తే సంగతి తెలిసిపోతుంది. ప్రొటీన్ షేక్ సీసాలు, ఉడికించిన గుడ్లు, చీజ్ ముక్కలు. పక్కన సంచిలో కాల్షియం సిట్రేట్, ఐరన్, బి12. ఇవి ఆరు నెలల ముచ్చట కాదు, ప్రాణం ఉన్నంతవరకు మింగాల్సినవి. పేగు దారి మళ్లించాక తిండిలోని సారం ఒంటికి పూర్తిగా అందదు. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. తీపి ఎక్కువైతే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం. దాన్ని వాళ్లు డంపింగ్ అంటారు. ఒక్క ముద్ద ఎక్కువైనా బండి పక్కకు ఆపాల్సిందే. అలా ఆగినప్పుడు కారులో మిగతావాళ్లెవరూ కంగారుపడరు, ప్రశ్నలు వేయరు. ఎవరో ఒకరు టిష్యూ అందిస్తారు, ఇంకొకరు పాట సౌండు పెంచుతారు. ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగలవాళ్లయినా ఈ పని ఇంత మామూలుగా చేయలేరు.

కలుసుకున్న చోట హోటల్ బల్ల ఇంకో వింత. ఎనిమిది మంది కూర్చుని మూడు ప్లేట్లు తెప్పించుకుంటారు. సగం మిగులుతుంది. వడ్డించే అమ్మాయి వచ్చి బాగాలేదా అని నొచ్చుకుంటుంది. కొందరు సర్జన్లు తమ రోగులకు ఒక చిన్న కార్డు ఇస్తారు, ఈ వ్యక్తికి కడుపు ఆపరేషన్ అయింది, పిల్లల ప్లేటు ఇవ్వగలరని. కొత్తవాళ్లు దాన్ని సిగ్గుపడుతూ తీస్తారు. పాతవాళ్లు దాన్ని పర్సులోనే మరిచిపోయి ఉంటారు.

ఇలాంటి బృందాల్లో బట్టల మార్పిడి అని ఒక ఆచారం ఉంది. బరువు దిగుతున్న ఏడాదిలో రెండు మూడు నెలలకే చొక్కా వదులైపోతుంది. ప్రతిసారీ కొనుక్కోవడం ఎవరి తరం? అందుకని తమకు పెద్దవైనవి తెచ్చి బల్ల మీద సైజుల వారీగా పరుస్తారు. ఆడవాళ్ల కొలతల్లో 26, 24, 22, 20. పెద్ద సైజు నుంచి చిన్న సైజు వైపు నడుస్తూ ఎవరికి సరిపోయింది వాళ్లు తీసుకుంటారు. కొన్నింటికి దుకాణం చీటీ కూడా ఊడదు, తొడుక్కునే లోపే వదులైనవి. నవ్వులు, ఈలలు, అద్దం ముందు తోపులాట. పదేళ్ల తర్వాతి కలయికలో కూడా ఆ బల్ల ఉంటుంది. ఈసారి ఎవరో ఒకరు గది ఖాళీ అయ్యేదాకా ఆగి, బల్ల దగ్గర ఎదురు దిశలో నడుస్తారు.

ఈ సంపాదకీయం ఆ మనిషి కోసమే.

స్వీడన్‌లో 1987లో మొదలైన 'స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్' అధ్యయనం 4,047 మందిని దశాబ్దాల పాటు వెంట ఉండి గమనించింది. వారిలో సుమారు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతావారు మామూలు చికిత్సలో ఉన్నారు. 2007లో వచ్చిన ఫలితాల ప్రకారం గ్యాస్ట్రిక్ బైపాస్ అయినవారు ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు కోల్పోయారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. 120 కిలోల మనిషి 82కి దిగి, పదేళ్లకు 90 దగ్గర ఆగారన్నమాట. డాక్టరు దృష్టిలో ఇది ఘన విజయం. ఆపరేషన్ చేయించుకోనివారి బరువు అన్నేళ్లలో పెద్దగా కదల్లేదు మరి. కానీ ఆ మనిషిని అడగండి. దిగిన 30 కిలోలు గుర్తుండవు, మళ్లీ ఎక్కిన 8 కిలోలే గుర్తుంటాయి. పైగా ఇది సగటు లెక్క. సగటు కంటే ఎక్కువ మళ్లీ పెరిగినవాళ్లు చాలామంది ఈసారి పని ఉందని, పిల్లాడికి పరీక్షలని కలయికకు మొహం చాటేస్తారు.

నోరు కట్టుకోలేకపోయారు, అందుకే మళ్లీ పెరిగారు అనడం తేలిక. కానీ ఒళ్లు చిక్కే కొద్దీ శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి హార్మోన్లు తిరిగి తల ఎత్తుతాయి, చిన్న సంచి కాలక్రమంలో కొంత సాగుతుంది. చేసిన తప్పేమీ లేకుండానే కొన్ని కిలోలు వెనక్కి వస్తాయి. అదే అధ్యయనం 2020లో చెప్పిన మాట ఇంకా నిక్కచ్చిగా ఉంది. ఆపరేషన్ అయినవారు, అంతే లావుండి చేయించుకోనివారి కంటే సగటున 3 ఏళ్లు ఎక్కువ బతికారు. సాధారణ జనంతో పోలిస్తే మాత్రం ఇంకా 5.5 ఏళ్లు తక్కువే. కత్తి ఆయుష్షు పోస్తుంది, కానీ జబ్బును తుడిచిపెట్టదు. బీపీ, షుగర్ లాగే జీవితాంతం కాచుకోవాల్సిందే. బీపీ మళ్లీ పెరిగిందని స్నేహితుల పెళ్లికి రావడం మానేసేవాళ్లను ఎప్పుడైనా చూశామా?

ఈ పద్ధతి ఇక్కడిదాకా సాఫీగా రాలేదు. 1950ల్లో మిన్నెసోటాలో మొదలైన పేగు దారి మళ్లింపు ఆపరేషన్‌లో బరువు బాగానే తగ్గింది గానీ, కాలేయం చెడి, కిడ్నీలో రాళ్లు పడి, పోషణ అందక జనం మంచం పట్టారు. 1980లకల్లా దాన్ని వదిలేశారు. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఎత్తు, బరువుల లెక్క అయిన బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి ఇతర జబ్బులున్నవారికి ఆపరేషన్ తగునని గీత గీశాయి. 1990ల తొలి సగంలో చిన్న గాట్లతో, కెమెరా గొట్టంతో చేసే విధానం వచ్చింది. 2022లో సర్జన్ల సంఘాలు ఆ గీతను 35కి, షుగర్ ఉంటే 30కి దించాయి, మనలాంటి ఆసియావాసులకు ఇంకా కిందికి. ఈ మార్పులన్నింటి వెనకా ఆపరేషన్ బల్ల మీద పడుకుని తమ ఒంటితో పరీక్ష రాసినవారున్నారు. ఏ మాత్ర మానేస్తే జుట్టు ఊడుతుందో, ఏ పిండిపదార్థం గొంతులో అడ్డుపడుతుందో డాక్టరు కంటే ముందు వీళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు.

వాళ్లు చెప్పుకోవాల్సింది తిండి గురించే కాదు. స్కాండినేవియా లెక్కల్లో ఈ ఆపరేషన్ తర్వాత ఒంటరివాళ్లు కొత్త తోడు వెతుక్కోవడం ఎక్కువైంది, ఉన్న జంటలు విడిపోవడమూ ఎక్కువైంది. బైపాస్ అయినవారిలో రెండో ఏడాది నుంచి మద్యం సమస్య పెరగడాన్ని అమెరికాలో 2012లోనే గమనించారు. సారా నేరుగా పేగులోకి పోయి రక్తంలో త్వరగా కలుస్తుంది, తిండి ఇచ్చే ఓదార్పు పోయిన చోటును అది ఆక్రమిస్తుంది. మూడు ప్లేట్లు పంచుకున్న ఆ బల్ల దగ్గర ఒకరు మూడో గ్లాసు తెప్పించుకుంటే, దాన్ని గమనించే కళ్లు ఆసుపత్రికి ఉండవు. పాత స్నేహితులకే ఉంటాయి.

ఇప్పుడు సూదిమందుల కాలం. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వచ్చాక కత్తి అవసరమా అన్న ప్రశ్న వచ్చింది. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడు జూన్‌లో మన దేశంలోకీ దిగాయి. మంచి మందులే. కానీ సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని ప్రయోగాల్లో తేలింది. కాపలా జీవితాంతం కావాలన్నది ఆపరేషన్ అయినవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నదే. ఒకటి మాత్రం తేడా. సూది ఇంట్లో ఒంటరిగా వేసుకుంటారు. ఆపరేషన్ బల్ల ఎక్కాలంటే ముందు ఓ తరగతిలో నలుగురితో కూర్చోక తప్పదు, ఆ నలుగురే తర్వాత స్నేహితులు. సూది వేసుకునేవాళ్లను తమ కలయికకు రానివ్వాలా అని అక్కడి పాత బృందాలు తటపటాయిస్తే, మా ఓటు రానివ్వమనే.

మన సంగతికి వస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో అధిక బరువున్న మహిళలు దేశం మొత్తం మీద 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఈ ఆపరేషన్ మామూలైపోయింది. కానీ చేయించుకున్నామని చెప్పుకునేవాళ్లు కనబడరు. గాల్ బ్లాడర్ అనో, హెర్నియా అనో బంధువులకు చెబుతారు. తర్వాత పెళ్లి పంక్తిలో అసలు కష్టం మొదలవుతుంది. "ఏంటి వదినా, ఇలా చిక్కిపోయావు, ఇంకో గరిటె వేయించుకో" అని విస్తరి మీదికి వంగేవాళ్లకు ఏం చెప్పాలి? మొహమాటానికి పెట్టించుకున్న ఆ గరిటెడు పులిహోర చేతులు కడుక్కునే చోట బయటికొస్తుంది. లావుగా ఉన్నన్నాళ్లూ లావుపాటివాళ్ల మీద సినిమా హాస్యం చూసి పక్కవాళ్లు నవ్వారు, సన్నబడితే జబ్బేమిటని గుసగుసలాడతారు. రెండింటికీ జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కరున్నా బాగుండునని ఆ వదినకు ఉంటుంది.

ఆసుపత్రులు హోర్డింగుల మీద 'ముందు, తర్వాత' బొమ్మలు వేయడం నేర్చాయి. రెండో బొమ్మ ఎప్పుడూ ఏడాది నాటిదే, పదో ఏటిది ఎక్కడా కనిపించదు. ప్యాకేజీ ధరలో కత్తికి, గదికి, మత్తుమందుకు ఎంతో రాస్తారు. కనీసం అయిదేళ్ల పాటు నెలకోసారి పాతవాళ్లనూ కొత్తవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టే ఖర్చు కూడా అందులో కలపాలి. ఇంటివాళ్లను ఏడాదికోసారైనా పిలవాలి, వంట చేసేది వాళ్లే కాబట్టి. పప్పు, గుడ్డు, పెరుగు ముందు, అన్నం చివర అన్న సంగతి అత్తగారికి అర్థమైతే ఇంట్లో సగం యుద్ధాలు ఆగుతాయి. రెండు సమావేశాలు వరసగా ఎగ్గొట్టిన మనిషి బరువు పెరిగి ఉంటారని అనుకోవచ్చు, వాళ్లకే ముందు ఫోన్ వెళ్లాలి. రిసెప్షన్ నుంచి వెళ్తే ఎత్తరు. అదే వార్డులో పక్క మంచం మీద ఉన్న మనిషి చేస్తే ఎత్తుతారు.