పక్షవాతానికి వంశ చరిత్ర ఉంటే దాచొద్దు

అమెరికాలో కొత్త డాక్టర్ దగ్గరకు వెళితే ముందుగా చేతికొచ్చేది ఫారం. 'మీ కుటుంబంలో ఎవరికైనా స్ట్రోక్ వచ్చిందా? ఏ వయసులో?' అనే ప్రశ్న దగ్గర మనలో చాలామంది తడబడతాం. పెదనాన్నకు 50 ఏళ్లు నిండకుండానే కాలూ చెయ్యీ పడిపోయిందని తెలుసు. బీపీ వల్లే అన్నారు. తాతయ్యకు చివర్లో మతిమరుపు వచ్చిందని విన్నాం. వయసు మీదపడటం వల్ల అన్నారు. ఆ రెండింటికీ సంబంధం ఉందేమోనని ఎవరూ ఆలోచించలేదు. మనమూ 'లేదు' అని టిక్ పెట్టేసి సంతకం చేస్తాం.

ఎక్కువ స్ట్రోకులకు బీపీ, షుగర్, పొగతాగడం, గుండె జబ్బులే కారణమన్నది నిజమే. కానీ కొన్ని కుటుంబాల్లో మూలం జన్యువులో ఉంటుంది. అలా ఒకే జన్యువు లోపంతో వచ్చే స్ట్రోకు జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది కాడాసిల్. 1976లో పారిస్‌లో డాక్టర్ మారీ జెర్మైన్ బూసే చూసిన ఒక రోగితో దీని కథ మొదలైంది. తర్వాత ఆ కుటుంబంలో ఇంకొందరికీ ఇదే జబ్బు ఉన్నట్టు తేలింది. కుటుంబాలు తమ వివరాలు దాచకుండా చెప్పడం వల్లే 1993లో లోపం 19వ క్రోమోజోముపై ఉందని, 1996లో ఆ జన్యువు నాచ్3 అని పరిశోధకులు కనిపెట్టగలిగారు. బూసే బృందంలోని నలుగురికి 2019లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

నాచ్3 జన్యువు తయారుచేసే ప్రొటీన్ మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో ఉంటుంది. లోపం వల్ల ఆ ప్రొటీన్ ఆకారం దెబ్బతిని గోడల్లో పేరుకుంటుంది. నాళాలు క్రమంగా పాడవుతాయి. చాలామందిలో మొదట కళ్ల ముందు మెరుపులతో కూడిన మైగ్రేన్, తర్వాత 40, 50 ఏళ్ల వయసులో చిన్న చిన్న స్ట్రోకులు, డిప్రెషన్, చివరికి మతిమరుపు వస్తాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. కొడుకైనా కూతురైనా ఒకటే.

ఇది తెల్లవాళ్ల జబ్బు అనుకోవద్దు. 60 వేల మందికి పైగా జన్యు వివరాలున్న డేటాబేస్‌ను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి నాచ్3 మార్పులు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా కనిపించాయి. దక్షిణాసియా వారిలో అయితే దాదాపు 100 మందిలో ఒకరికి ఉన్నాయి. అయితే మార్పు ఉన్నవారందరికీ జబ్బు తీవ్రంగా రాదు. జన్యువులో మార్పు ఏ చోట ఉందన్నదాన్ని బట్టి తీవ్రత మారుతుంది.

మన ఇళ్లలో వెంటనే వచ్చే ప్రశ్న, 'మేనరికం వల్లనా?' అని. కాడాసిల్‌కు మేనరికంతో పనిలేదు. కానీ దానికి దగ్గరి చుట్టంలాంటి కారాసిల్ అనే జబ్బు వేరు. హెచ్‌టీఆర్ఏ1 అనే జన్యువులో లోపం తల్లి నుంచి, తండ్రి నుంచి రెండువైపులా వస్తేనే ఇది కలుగుతుంది. ఆ లోపాన్ని 2009లో జపాన్ పరిశోధకులు గుర్తించారు. చిన్న వయసులోనే జుట్టు రాలడం, నడుంనొప్పి, బీపీ లేకుండానే స్ట్రోకులు దీని లక్షణాలు. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకున్న ఇళ్లలో ఇలాంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది. అందుకు ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. డాక్టరుకు మాత్రం చెప్పాలి.

మనం చెప్పకపోవడానికి అసలు కారణం సంబంధాలు. 'పిల్లకు పెళ్లి కావాలి, ఇప్పుడా మాట ఎందుకు' అంటారు పెద్దలు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ దాచినంత మాత్రాన జన్యువు మారదు. దాచడం వల్ల పోయేది జాగ్రత్తపడే సమయమే. కాడాసిల్‌ను నయం చేసే మందు ఇంకా రాలేదు. అయినా పొగ మానడం, బీపీని అదుపులో ఉంచుకోవడం ఈ జబ్బున్నవారికి మరీ ముఖ్యం. ముందే తెలిస్తే పదేపదే తప్పుడు రోగనిర్ధారణలూ తప్పుతాయి.

అలాగని ఆత్రపడి పరీక్షకు పరుగెత్తవద్దు. ముందు న్యూరాలజిస్టును, జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. ఇంట్లో జబ్బుపడిన మనిషికి మొదట పరీక్ష చేస్తే మిగతావారికి స్పష్టత వస్తుంది. ఆ మనిషి ఇండియాలో ఉంటే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. లక్షణాలు లేని చిన్నపిల్లలకు ఈ పరీక్ష వద్దనే నిపుణులు చెబుతారు. పెద్దయ్యాక ఆ నిర్ణయం వాళ్లది.

ఇన్సూరెన్స్ సంగతీ తెలుసుకోవాలి. 2008లో వచ్చిన జీనా చట్టం ప్రకారం జన్యు పరీక్ష ఫలితం చూపి హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించకూడదు. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే కంపెనీ ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. కానీ లైఫ్, డిజబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ పాలసీలకు ఆ రక్షణ వర్తించదు. కంపెనీ ఇచ్చే లైఫ్ పాలసీ మీదే ఆధారపడిన హెచ్1బీ కుటుంబాలు ఫ్రిస్కోలో ఎన్నో. ఉద్యోగం పోతే సాధారణంగా అదీ పోతుంది. కాబట్టి పరీక్షకు ముందే ఆ పాలసీల గురించి ఆలోచించండి. దరఖాస్తులో అడిగినవాటికి మాత్రం నిజమే రాయండి.

ఫ్రిస్కోలో మన సంఘాలు పెట్టే హెల్త్ క్యాంపుల్లో బీపీ, షుగర్ చూస్తున్నారు, మంచిదే. పక్కనే ఒక బల్ల వేసి మూడు తరాల ఆరోగ్య చరిత్ర రాయించండి. ఎవరికి, ఏ వయసులో, ఏం జరిగిందో రాస్తే చాలు. ఆ వివరాలు తెలిసిన అమ్మమ్మలు, నాన్నమ్మలు వేసవిలో మన ఇళ్లకే వస్తున్నారు. వాళ్లు మరిచిపోకముందే అడుగుదాం.