ఢిల్లీ లేఖ: నాలుక చేసిన నేరమేమిటి?

దేశ రాజధానిలో ఇంగ్లీషు అనేక రూపాలలో వినవస్తుంది. ఏ మంత్రిత్వ శాఖ వసారాలోనైనా ఒక గంట చెవి యొగ్గి నిలబడితే, వక్త ఏ రాష్ట్రం నుంచి వచ్చినదీ పేరు అడగకుండానే చెప్పవచ్చు. ఇందులో వినోదం లేకపోలేదు. అయితే ఇంటర్వ్యూ గదిలో ఒక యువకుని భవితవ్యం తేలేవేళ అది వినోదంగా మిగలదు.

ఉత్తరప్రదేశ్, బీహారు పల్లెల నుంచి వచ్చినవారి నోట స్కూలు ‘ఇస్కూల్’ అవుతుంది. పంజాబీ నోట ‘సకూల్’ అవుతుంది. పదారంభంలో సకారానికి మరో హల్లు జతపడితే ఆ ప్రాంతాల వాడుక భాష ఓర్వదు. ఒకరు ముందు అచ్చు చేర్చి, మరొకరు నడుమ అచ్చు చొప్పించి గట్టెక్కుతారు. బెంగాలీలో వకారం విడిగా లేనందున ‘వోటు’ ‘భోట్’ అవుతుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. పదంలోని స్థానాన్నిబట్టి ధ్వని మారుతుంది. ఆ అలవాటు ఇంగ్లీషులోకీ వెంట వస్తుంది. మలయాళీకి ఆటో ‘ఓటో’. అస్సామీలో త, ట భేదం లేదు. నాలుక చిగురును తాకగా పలికే ఒకే ధ్వని ఉన్నది. చిత్రమేమంటే, ఇంగ్లీషువారి ‘ట’కు మన ‘ట’ కన్న అదే సమీపం.

మన సంగతి చూద్దాం. తెలుగు అజంత భాష గనుక బస్సు, రోడ్డు, కోర్టు అని చివర అచ్చు లేనిదే మనకు తోచదు. ‘ఎగ్’ మన నోట ‘యెగ్’, ‘ఓన్లీ’ ‘వోన్లీ’ అవుతాయి. మరొకవైపు, ‘బ్యాంకు’లోని అచ్చు మనకు సహజం, హిందీవారు దానిని ‘బెంక్’కు దగ్గరగా పలుకుతారు. ఎవరి సౌలభ్యం వారిది, ఎవరి చిక్కు వారిది. ఇవేవీ తెలివితక్కువకు గుర్తులు కావు. పసితనంలో విన్న ధ్వనుల చట్రంలోనే తర్వాత నేర్చిన భాష ఒదుగుతుంది. అంతే.

అయినా పరిహాసం అందరికీ సమానంగా పంచబడలేదు. స్కాట్లండు వాని రేఫను ఢిల్లీలో ఎవరూ తప్పుపట్టరు. దర్భంగా వాని ‘ఇస్టేషన్’కూ, గుంటూరు వాని యకారానికీ మాత్రం పెదవులపై నవ్వు మెదులుతుంది. పరిహాసం అనుసరించేది ధ్వనిశాస్త్రాన్ని గాక అధికారాన్ని. మహానగరాల ఖరీదైన పాఠశాలల ఇంగ్లీషు ప్రమాణమైపోయి, తక్కినదంతా యాసగా దిగజారినది.

ఈ అసంతృప్తి అప్పుడప్పుడు వీధికెక్కుతుంది. సివిల్ సర్వీసెస్ ప్రాథమిక పరీక్షలో ఇంగ్లీషు ప్రశ్నలకు వ్యతిరేకంగా 2014లో ముఖర్జీనగర్ విద్యార్థులు ఆందోళన జరిపారు. ఆ మార్కులను యోగ్యతా నిర్ణయంలో లెక్కించబోమని ప్రభుత్వం ప్రకటించవలసివచ్చింది. మెయిన్ పరీక్షను 1979 నుంచి తెలుగుతో సహా భారతీయ భాషలలో రాయవచ్చు. ఇంటర్వ్యూకూ ఆ వెసులుబాటు ఉన్నది. అయితే మొత్తం 2,025 మార్కులలో ఇంటర్వ్యూకు 275 ఉన్నాయి. ఇంగ్లీషులో మాట్లాడితేనే మన్నన దక్కుతుందన్న భయంతో, తన భాషలో ధారాళంగా మాట్లాడగల అభ్యర్థి కూడా అరువు నాలుకతో తడబడితే ఆ హక్కు కాగితంమీదనే మిగులుతుంది.

అలాగని ఉచ్చారణను అశ్రద్ధ చేయమనడం హితవు కాదు. అర్థం కాని మాట వృథా. హైదరాబాదులో 1958లో వెలసి, నేడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థ 1969లో ప్రచురించిన ఆర్.కె. బన్సల్ పరిశోధన ఈ ప్రశ్ననే పరిశీలించింది. మన ఇంగ్లీషు విదేశీయులకు బోధపడకపోవడానికి పదంలో ఊనిక తప్పిన చోట పడడం ముఖ్య కారణాలలో ఒకటని అది తేల్చింది. ‘రికార్డు’ నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరంపైన, క్రియ అయితే రెండవదానిపైన పడాలి. మన భాషలలో ఊనికకు అర్థాన్ని మార్చే శక్తి లేదు గనుక ఆ సంగతి మనకు తట్టదు. ఎవరినీ ఇంగ్లీషు దొరగా మార్చనక్కరలేకుండానే బడిలో నేర్పగల విషయమిది.

కావలసినవి రెండు. తెలుగు పిల్లవానికి తెలుగు వాని చిక్కులనూ, బెంగాలీ పిల్లవానికి బెంగాలీ వాని చిక్కులనూ గుర్తెరిగి బోధించే ఉపాధ్యాయుడు ఒకటి. మాట అర్థమైన తర్వాత యాసకు మార్కులు కోయని పరీక్షకుడు రెండు. మొదటిది పాఠశాలల పని. రెండవది ప్రభుత్వం పని, ఆపైన మన సంస్కారం పని. సాటి భారతీయుని ‘ఇస్కూల్’కు మనం నవ్వినంతకాలం మన ‘యెగ్’కు మరొకరు నవ్వితే ఫిర్యాదు చేసే అర్హత మనకు ఉండదు.