జవాబు సరే, సోపానాలేవి?

ప్రశ్నోత్తరాల సమయంలో విద్యాశాఖ వంతు వచ్చినప్పుడు సభకు అంకెలకు కొదవ ఉండదు. ఎన్ని బడులు, ఎందరు విద్యార్థులు, ఎన్ని కోట్ల కేటాయింపు అన్నవి పట్టికలుగా సభాసమక్షంలోకి వస్తాయి. బడిలో చేరిన పిల్లవాడు ఒక లెక్కను మొదటి నుంచి చివరి వరకు చేయగలుగుతున్నాడా, లేకుంటే ఏ సోపానం వద్ద ఆగిపోతున్నాడు అన్నది మాత్రం ఆ పట్టికలలో అరుదుగా కనిపిస్తుంది.

గ్రామీణ ప్రాంతాలలో ఇంటింటికీ వెళ్లి ప్రథమ్ సంస్థ జరిపిన 2024 'అసర్' సర్వే ప్రకారం, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఐదవ తరగతి పిల్లలు నూటికి 30.7 మంది. 2018లో వీరు 27.9, 2022లో 25.6. కొంత మెరుగుదల ఉన్నమాట నిజమే. అయినా పదిమందిలో సుమారు ఏడుగురు భాగహారం రాకుండానే ప్రాథమిక విద్య ముగిస్తున్నారన్నది అంతకంటె పెద్ద నిజం.

ఈ ఏడుగురూ ఒకే తప్పు చేయరు. 618ని 6తో భాగించమన్నారనుకుందాం. ఒక పిల్లవాడు 13 అని వ్రాస్తాడు. వందల స్థానంలోని 6లో 6 ఒకసారి పోతుంది; భాగఫలంలో 1. పదుల స్థానంలోని 1లో 6 పోదు కనుక అక్కడ సున్న వేయాలి. ఆ పదిని ఒకట్లలోని 8తో కలిపితే 18. అందులో 6 మూడుసార్లు. జవాబు 103. మనవాడు సున్న వేయడం మరచాడు. వానికి ఎక్కం వచ్చు, స్థానవిలువ రాలేదు. పక్కవాడు సున్న వేసి, చివర 18లో 6 నాలుగుసార్లని 104 వ్రాశాడు. వానికి స్థానవిలువ తెలుసు, ఎక్కం రాలేదు. జవాబు మాత్రమే చూసే ఎర్రసిరాకు ఇద్దరూ సమానమే. చికిత్స మాత్రం ఇద్దరికీ వేరు.

సోపానాలు చూడాలన్న సూత్రం మన వ్యవస్థకు తెలియనిది కాదు. కేంద్ర మాధ్యమిక విద్యామండలి పదవ తరగతి గణితంలో సోపానాలకు విడిగా మార్కులిస్తున్నది. కాని అది రోగం ముదిరిన తరువాతి పరీక్ష. మూడవ తరగతి పలకమీద జరగవలసిన పని పదవ తరగతి జవాబు పత్రం మీద జరిగితే మార్కులు దక్కవచ్చు, చదువు దక్కదు. యంత్రాలు లెక్కలు చేసే కాలంలో ఈ శ్రమ ఎందుకనేవారున్నారు. భాగహారం రానివానికి భిన్నాలు రావు, భిన్నాలు రానివానికి బీజగణితం రాదు. పైగా కూలిలోనో వడ్డీలోనో యంత్రం చూపిన అంకె తప్పని పట్టుకోవడానికైనా లెక్క నడక తెలిసి ఉండాలి.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఈ పునాదికే అగ్రస్థానమిచ్చింది. 2021 జూలైలో ఆరంభమైన నిపుణ్ భారత్ పథకం, మూడవ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకు చదవడం, లెక్కలు రావాలని 2026-27ను గడువుగా పెట్టుకున్నది. సంకల్పం మంచిదే. అయితే 1976లో 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి తెచ్చిన నాటినుంచి, ఫలితం బాగుంటే ఘనత పంచుకోవడానికి, బాగుండకుంటే నింద మరొకరి మీదికి నెట్టడానికి కేంద్ర రాష్ట్రాలకు వీలు చిక్కుతూనే ఉన్నది. 2009 నాటి అంతర్జాతీయ 'పీసా' పరీక్షలో హిమాచల్ ప్రదేశ్, తమిళనాడు అట్టడుగున నిలిచినప్పుడు, ప్రశ్నలు మన పరిస్థితులకు తగినవి కావని చెప్పి దేశం ఆ పరీక్షకే దూరమైంది. తప్పు వచ్చిన పలకను దాచుకున్నంతలో లెక్క సరికాదు.

కనుక గడువు తీరి లెక్క సభ ముందుకు వచ్చిననాడు, నూటికి ఎందరన్న అంకెతో సభ్యులు తృప్తిపడరాదు. పిల్లలు ఏ సోపానం వద్ద ఆగారు, వారికి తిరిగి నేర్పడానికి ఉపాధ్యాయునికి ఏ వ్యవధి ఇచ్చారు, పాఠ్యక్రమం పూర్తిచేయాలన్న ఒత్తిడిని ఎంత తగ్గించారు అని పక్షభేదం లేకుండా నిలదీయాలి. పిల్లవాణ్ణి సోపానాలు చూపమని అడిగే ప్రభుత్వం తన సోపానాలు కూడా చూపవలసి ఉంటుంది.